వంతెన లేచిందట

తూర్పు ఒడ్డు,
నాలుగో వీధి, ఇంటి నంబరు 17.
జూన్ 6.

తమ్ముడికి,

ఎనిమిది నెలలుగా నీకు రావలసిన ఉత్తరాలు నా గుమ్మంలో, నాకు రావలసినవి నీ గుమ్మంలో పడుతున్నాయి. నావి నువ్వు కవర్లో పెట్టి పంపుతున్నావు, నీవి నేను పంపుతున్నాను. అన్ని కవర్లలోనూ ఒక్క ముక్క రాసుకోలేదు ఇద్దరం. ఈసారి నీ కళ్ళజోడు షాపువాళ్ళ కార్డుతో పాటు ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. ప్రేమ పొంగుకొచ్చి కాదు, ఒళ్ళు మండి. నీ మీద కాదులే, ఈ ఊరి మీద. ఈ ఊరిని తిట్టుకోవాలంటే ఇక్కడ పుట్టినవాళ్ళతోనే తిట్టుకోవాలి. బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు.

నది ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు ఉండేవి, బాగానే ఉండేవి. రెండింటినీ కలిపి మహానగరం అని బోర్డు పెట్టారు. పెట్టిన పెద్దమనిషి రెండు ఒడ్డుల మీదా ఒకటి నుంచి ఇరవై దాకా వీధులున్నాయని చూసుకోలేదు. నంబర్లు మార్చుకోండయ్యా అంటే, మేమెందుకు మార్చుకోవాలి వాళ్ళు మార్చుకోవాలి అని రెండు ఒడ్డులవాళ్ళూ భీష్మించుకు కూర్చున్నారు. పైగా నువ్వు, లోకంలో ఇళ్ళు కరువైనట్టు, అవతల కూడా నాలుగో వీధిలో పదిహేడో నంబరే అద్దెకు తీసుకున్నావు. అప్పుడు పిన్ని ఎంత నవ్వింది! "వాడెక్కడికీ పోలేదే, అదే ఇంట్లో ఉన్నాడు" అంది.

అసలు సంగతి. పంపుహౌసులో పదహారేళ్ళు మీటలు నొక్కాను కదా, వంతెన మీటలూ నొక్కగలవులే అని నన్ను వంతెన మీదికి బదిలీ చేశారు. మన వంతెనే. పడవ వచ్చినప్పుడల్లా మధ్యలో విరిగి రెండు చేతులూ పైకెత్తే మహాతల్లి. అమ్మ పోయాక మనిద్దర్నీ పెంచింది పిన్ని, పెంచింది రేవులో పడవ టికెట్లు చింపి. ఈ వంతెన వచ్చి ఆ పడవను, ఆ టికెట్లను తినేసింది. పిన్ని బతికి ఉంటే నాకీ వారం అన్నం పెట్టేది కాదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. మనిద్దరం ఫోన్లో మూడో నిమిషం దాటి పోట్లాడుకోకుండా ఎప్పుడు మాట్లాడాం? చివరిసారి ఫోన్ పెట్టేసింది నేనే, మర్చిపోలేదు. కాగితమైతే మధ్యలో పెట్టెయ్యడానికి వీలుండదు.

మీ వైపు పోస్టుమ్యాన్‌కు "పడమటి" అనే మాట చదవడం నేర్పు.

అక్క

*

పడమటి ఒడ్డు,
అదే నాలుగో వీధి, అదే 17.
జూన్ 21.

అక్కా,

నీ ఉత్తరం చేరడానికి పదకొండు రోజులు పట్టింది. కవరు మీద ముద్రలు చూశాను. నీ దగ్గర్నుంచి ముప్పై కిలోమీటర్లు కిందికి, ఉత్తరాలు వేరుచేసే షెడ్డుకు వెళ్ళింది. అక్కణ్ణుంచి మళ్ళీ నీ ఇంటికే వచ్చినట్టుంది, దాని మీద నీ చేత్తో "ఇది నాది కాదు మహాప్రభో" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. రెండోసారి షెడ్డుకు వెళ్ళి ఇటొచ్చింది. నా గుమ్మంలో నిలబడి గట్టిగా అరిస్తే నీకు వినపడుతుంది, గాలి వాటం బాగుంటే.

కొత్త ఉద్యోగానికి సంతోషం. నీకు ఎత్తంటే భయం కదా, ఆ మీటల గదిలోకి నిచ్చెన ఎక్కాలట కదా, ఎలా ఎక్కుతున్నావు? కింద చూడకు.

తిట్టడానికి నన్ను తోడు పిలిచావు కాబట్టి నా వంతు కూడా విను. ఈ నదీతీరంలో కట్టుడు పళ్ళు చేసేవాడి బతుకు పగవాడికి వద్దు. అచ్చు తీసిన ప్లాస్టరు ఎక్కడైనా అరగంటలో గట్టిపడుతుంది. ఇక్కడ నది ఊపిరి పీల్చి వదులుతూ ఉంటుంది, పొద్దున పోసింది సాయంత్రానికీ పెరుగులా ఉంటుంది. సొరుగు ఉబ్బి తెరుచుకోదు, తలుపు ఉబ్బి మూసుకోదు. మా యజమాని దానికీ నన్నే తిడతాడు.

పొద్దున్నే వంతెన దగ్గర క్యూ. ఇంజన్లు ఆపేసి జనం అక్కడే కాపురం పెడుతున్నారు. ఒకాయన కుర్చీ వేసి జుట్టు కత్తిరిస్తాడు, ఒకావిడ ఫ్లాస్కుతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ టీ అమ్ముతుంది. మొన్న మా పక్కింటివాళ్ళ పెళ్ళి కార్డు వచ్చింది. ముహూర్తం కింద "వంతెన సమయం కలుపుకొని బయలుదేరగలరు" అని అచ్చువేశారు. పిలుపులోనే సాకు కూడా పెట్టి ఇస్తున్నారు, అంత మర్యాదస్తులు మావాళ్ళు.

నీ గదిలోంచి మా వైపు రోడ్డు కనిపిస్తుందా? వంతెన లేచినప్పుడు బళ్ళను ఆపే అడ్డుకమ్మీ పక్కన సిమెంటు బెంచీ ఒకటి ఉంటుంది, అది?

తమ్ముడు

*

తూర్పు ఒడ్డు, 17.
జూలై 9.

ఒరేయ్,

కనిపిస్తుంది. బెంచీ కనిపిస్తుంది, దాని మీద ఎవడో వదిలేసిన గొడుగు కూడా కనిపిస్తుంది. ఇటు తిరిగితే మన ఇంటి ముందుగది కిటికీ కనిపిస్తుంది. నాలుగు వైపులా అద్దాలు, ఒక స్టూలు, దానికి ఒక కాలు పొట్టి. రెండు మీటలు, ఒక సైరన్. నిచ్చెన సంగతి అడగకు, ఎక్కేటప్పుడు కళ్ళు మూసుకుంటాను.

ఇంకో వస్తువు కూడా ఉంది. లాగుపుస్తకం. పడవ పేరు, వంతెన లేచిన టైము, దిగిన టైము రాయాలి. నెలరోజులు రాశాక తెలిసిందిరా నాకు ఈ ఊరి గుట్టు. వంతెన రోజుకు మూడుసార్లు లేస్తుంది. ఒక్కోసారి పన్నెండు నిమిషాలు. అంతే! ఆ కాసేపట్లో ఈ మహానగరం తన బద్ధకాన్ని, మొహమాటాన్ని, మొగుడూ పెళ్ళాల తగువుల్ని, అన్నిటినీ దాచేస్తోంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రానివాడల్లా వంతెన లేచిందంటాడు.

పోయిన వారం కుళాయి బాగుచేసే అతన్ని రమ్మన్నాను. మధ్యాహ్నం వస్తానన్నవాడు చీకటి పడుతుంటే వచ్చాడు. "ఏం చెయ్యనమ్మా, మధ్యాహ్నమంతా వంతెన లేచే ఉంది" అన్నాడు. "మధ్యాహ్నమంతా మీటల దగ్గరున్నది నేనేనయ్యా" అన్నాను. తడుముకోకుండా "అయితే ఇంకో వంతెనై ఉంటుందమ్మా" అన్నాడు. ఈ ఊళ్ళో ఇంకో వంతెన ఎక్కడేడిసింది? రైలుది ఉంది, దాని మీద కుళాయివాళ్ళు నడవరు.

ఈ సంగతి వీధిలో పాకిపోయింది. ఇప్పుడు నన్ను చూస్తే అందరూ తేలు కుట్టిన దొంగల్లా ముఖం తిప్పుకుంటున్నారు. దర్జీ చెప్పిన రోజుకు జాకెట్టు ఇచ్చేశాడు, ఇచ్చేటప్పుడు నన్ను శత్రువుని చూసినట్టు చూశాడు. ఎదురింటావిడ పుట్టినరోజుకు నన్ను పిలవలేదు. పిలిస్తే ఆలస్యంగా వచ్చిన చుట్టాలు ఏం చెప్పుకుంటారు పాపం? అందరూ కలిసి ఒక అబద్ధాన్ని పంచుకుని హాయిగా బతుకుతుంటే, నేను దీపం పట్టుకుని మధ్యలో నిలబడ్డాను.

ఇప్పుడు నిన్ను అడుగుతాను. ఈ ఉత్తరాలు మొదలుపెట్టింది ఇందుకేనేమో, నాకే తెలియదు. పోయినేడు అక్టోబరు తొమ్మిదిన మధ్యాహ్నం మూడింటికి నీకు ఫోన్ చేశాను. ఇవాళ దాటదు అంటున్నాడు డాక్టరు, వెంటనే రా అన్నాను. మూడున్నరకు నువ్వు చేసి "అక్కా, వంతెన లేచింది" అన్నావు. నేను పెట్టేశాను. ఐదూ ఇరవైకి పిన్ని పోయింది. ఆరున్నరకు నువ్వొచ్చావు.

పోయినేటి లాగుపుస్తకం నా స్టూలు కింద రేకుపెట్టెలో ఉంది. నెలరోజులుగా దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటున్నాను. తెరవనా?

అక్క

*

పడమటి ఒడ్డు, 17.
ఆగస్టు 2.

అక్కా,

తెరవకు.

నువ్వు కోప్పడతావని కాదు. నువ్వెలాగూ కోప్పడతావు, పుట్టినప్పట్నుంచీ అలవాటే. అది తెరిచి నువ్వేం చూసినా మనిద్దరికీ ఒరిగేదేం లేదని.

ఇక్కడ నది పెరుగుతోంది. మా వీధిలో ప్రతి ఇంటి గోడకూ పాత వరదల గీతలు, పక్కన సంవత్సరాలు రాసి ఉంటాయి కదా, మా ఇంటాయన నిన్న రంగుడబ్బా తెచ్చి గీతలన్నీ కొత్తగా దిద్దాడు. వచ్చిన చుట్టానికల్లా తన గీత పక్కింటాయన గీత కంటే జానెడు ఎత్తని చూపిస్తాడు. మునిగినందుకు ఇంత గర్వపడే మనుషుల్ని...

చూడు, నీళ్ళు నములుతున్నాను. సరే, ఆదివారాల సంగతి ఒప్పుకుంటాను. అది నీకు చెప్పాల్సిందే.

పోయినేడు ఆదివారం ఆదివారం వస్తానన్నాను. ఎన్నిసార్లు వచ్చాను? నాలుగో, ఐదో. మిగతా ఆదివారాలన్నీ బయలుదేరానక్కా, ఒట్టు. అడ్డుకమ్మీ దాకా వచ్చి, ఆ బెంచీ మీద కూర్చునేవాణ్ణి. వంతెన నేలకు ఆనుకుని పడుకుని ఉండేది, రోడ్డులా చక్కగా. అటు చూస్తూనే నీకు ఫోన్ చేసి వంతెన లేచిందని చెప్పేవాణ్ణి. ఎందుకో తెలుసా? వస్తే గుమ్మంలో నువ్వు "ఏరు దాటి తెప్ప తగలేసినవాడొచ్చాడు" అంటావు. లోపలికొస్తే పిన్ని "ఇవతలికి ఎప్పుడొచ్చేస్తావురా" అంటుంది. అరకిలోమీటరు అవతల అద్దెకుంటే దేశాలు పట్టిపోయినవాడిలా చూస్తారు మీ ఒడ్డువాళ్ళు. నాకు విసుగు పుట్టేది. ఆ విసుగుకు బెంచీ సుఖంగా ఉండేది.

ఇంకోటి. పిన్ని పాత పళ్ళసెట్టు వదులైపోయిందని కొత్తది చెయ్యమంది కదా. ఎండాకాలంలో అచ్చు తీసుకున్నాను. మొదటిసారి వంకరొచ్చింది. రెండోది నాకే నచ్చలేదు. అందరికీ నెలలో చేసిచ్చేవాణ్ణి, పిన్నికి మాత్రం అక్టోబరు దాకా చేస్తూ కూర్చున్నాను. పళ్ళు లేకుండా ఎవరి ముందూ నోరు తెరవనని పంతం ఆవిడకు, చెంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేది. పూర్తిచేసి తీసుకెళ్ళేదాకా ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అనేది కూడా ఒక సాకు అయింది నాకు.

అక్టోబరు గురించి అడక్కు. పెట్టె మీద కాళ్ళు పెట్టుకునే కూర్చో.

తమ్ముడు

*

తూర్పు ఒడ్డు, 17.
ఆగస్టు 25.

తెరిచాను.

అక్టోబరు తొమ్మిది, గురువారం. ఆ పేజీలో ఉన్నది ఒకే ఒక్క ముక్క. "పడవలు లేవు." కింద సంతకం. అంతే. ఎనిమిదిన నాలుగు పడవలు, పదిన రెండు. తొమ్మిదిన ఒక్కటీ లేదు. పేజీ తిప్పి చూశాను, వెనకా ముందూ చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఆదివారాలు అబద్ధమైతే అయ్యాయి, ఈ ఊళ్ళో అందరూ చెప్పేదే. కానీ ఆ రోజు కూడానా? కన్నతల్లి కంటే ఎక్కువగా చూసుకున్న మనిషి పోతుంటే, ఆ బెంచీ మీద కూర్చుని ఫోన్ చేశావా నువ్వు? ఏం మనిషివిరా?

నువ్వు తెలియక మాట్లాడుతున్న సంగతి ఒకటి చెప్తాను, విని సిగ్గుపడు. ఫిబ్రవరిలో పిన్ని మంచం వెనకగదిలోంచి ముందుగదిలోకి మార్చాను. కిటికీ పక్కకు, నది వైపుకు. వస్తే కదా నీకు తెలిసేది! వచ్చిన నాలుగుసార్లూ పెరటి గుమ్మంలోంచే వంటింట్లోకి వెళ్ళి, నాచేత ఆవిణ్ణి అక్కడికే తీసుకురప్పించుకున్నావు. ఆ కిటికీలోంచి వంతెన అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. పిన్నికి సూదిలో దారం కనపడేది కాదు గానీ దూరపు చూపు గద్దచూపు. ముప్పై ఏళ్ళు రేవులో కూర్చుని అవతల ఎవరు పడవెక్కారో చెప్పేది, మర్చిపోయావా?

ప్రతి ఆదివారం నువ్వు ఫోన్ చేసేవాడివి, నేను వంటింట్లోంచి "వాడు రావట్లేదు, వంతెన లేచిందట" అనేదాన్ని. పిన్ని కిటికీలోంచి చూసేది. చూసి, "అవునే, లేచింది పాపం" అనేది. నేను నమ్మాను. ఇప్పుడు పుస్తకంలో ఆ ఆదివారాలన్నీ తీసి చూశాను, ఆ టైముకు ఒక్కనాడూ లేవలేదు. అన్ని ఆదివారాలూ కళ్ళెదుట పడుకునున్న వంతెనను చూస్తూ, నాకు నీమీద కోపం రాకూడదని నాతో అబద్ధమాడింది ఆవిడ. నిన్ను వెనకేసుకొచ్చినంతకాలమూ ఆవిడకు తెలుసు.

ఇక నీ ఉత్తరాలు నాకొస్తే పోస్టుమ్యాన్ ముఖానే కొడతాను. నువ్వూ అదే చెయ్యి.

*

పడమటి ఒడ్డు, 17.
సెప్టెంబరు 4.

అక్కా,

కిటికీ సంగతి నాకు తెలియదు.

పుస్తకంలో నువ్వు చూసింది నిజమే. ఆ రోజు కూడా అబద్ధమే చెప్పాను. నువ్వు అనుకుంటున్నవాణ్ణే నేను. ఇంకేం అడగొద్దు.

నీ కరెంటు ఆఫీసు ఉత్తరం ఒకటి నాకొచ్చింది. దీంతో పాటు పెట్టాను. ముఖాన కొట్టడం నాకు చేతకాదు.

తమ్ముడు

*

తూర్పు ఒడ్డు, 17.
అక్టోబరు 7.

ఒరేయ్ వెధవా,

నెలరోజులు నీకు రాయకూడదనుకున్నాను, రాయలేదు. ఇప్పుడు ఆగలేక రాస్తున్నాను. పోస్టు మీద నమ్మకం లేక టీ అమ్మే ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను. ఆవిడ నిలబడి ఉండగానే చదువు.

నిన్న వంతెనకు గ్రీజు పెట్టారు. వానలు తగ్గాక ఏడాదికోసారి, పడవ లేకుండానే వంతెన పైకెత్తి, పళ్ళచక్రాలకు గ్రీజు పూస్తారట. నాకిది మొదటిసారి. దింపాక లాగుపుస్తకం తీసి టైము రాయబోతుంటే మెకానిక్కు నా చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు. "అందులో రాయకూడదమ్మా, అది పడవలకు. పడవ లేకుండా లేచింది దాంట్లో ఎక్కదు. దీనికి గ్రీజు పుస్తకం వేరే ఉంది" అన్నాడు. కింద వాళ్ళ షెడ్డులో, నూనెగుడ్డల మధ్య మేకుకు వేలాడుతోంది ఆ పుస్తకం.

నిచ్చెన కళ్ళు తెరుచుకునే దిగాను.

పోయినేడు గ్రీజు పెట్టింది అక్టోబరు తొమ్మిదిన. ఆయన రాసింది రాసినట్టు నీకు ఎత్తిరాస్తున్నాను. "మధ్యాహ్నం 3:10కి పైకి లేపాం. గేరు పట్టేసింది. 6:05కి దిగింది. ఒకతను అడ్డుకమ్మీ దూకి, పక్కనున్న ఇనుపమెట్లు పట్టుకుని పైకెక్కబోయాడు. ఇద్దరం పట్టుకుని దింపాం. చేతిలో డబ్బా ఉంది. ఏంటంటే పళ్ళసెట్టు అన్నాడు."

ఆయనకు నువ్వింకా గుర్తున్నావు. ఒక చెప్పు నదిలో పడిపోయిందట కదా. ఎప్పటికి దిగుతుందని నువ్వు అడిగినప్పుడల్లా పది నిమిషాలన్నాడట. "పది నిమిషాలని ఎన్నిసార్లన్నానో లెక్కలేదమ్మా, అవతల ఎవరో పెద్దావిడ పోతోందని అతను చెప్పాడు, నేను వంతెన దగ్గర అందరూ చెప్పే మాటేలే అనుకున్నాను" అన్నాడు. నేను మాత్రం ఏమనుకున్నాను?

మూడు గంటలు వంతెన గాల్లో ఉంటే ఊరందరికీ తెలియదా అని మన వీధి చివర కొట్టాయన్ని అడిగాను. "మనుషులు చెప్పే దాని ప్రకారం అది రోజూ లేచే ఉంటుందిగా, ఆ రోజు ప్రత్యేకం ఏముంది" అన్నాడు.

ఇప్పుడు చెప్పు. ఆరున్నరకు నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడు నేనే ముందు నోరు పారేసుకున్నాను, "వంతెన లేచిందా నాయనా" అని, ఇంటినిండా జనం వింటుండగా. నువ్వు తలొంచుకున్నావు. ఒంటిచెప్పుతో ఉన్నావా? నేను నీ కాళ్ళవైపు చూడనే లేదు. అప్పుడు ఎందుకు చెప్పలేదు? పోనీ సెప్టెంబరులో ఎందుకు ఒప్పుకున్నావు? నిజం చెప్పిన ఒక్కరోజును అబద్ధమని ఒప్పుకునే తిక్కశంకరయ్యను నిన్నే చూశాను. నాకు వస్తున్న కోపానికి నువ్వు ఎదురుగా ఉంటే రెండు చెంపలూ వాయించి, తరవాత ఏడ్చేదాన్ని.

అక్క

*

పడమటి ఒడ్డు, 17.
అక్టోబరు 9.

అక్కా,

టీ ఆవిడ నిలబడి ఉండగానే చదివాను. రెండు టీలు ఇచ్చి వెళ్ళింది, తాగమని.

ఎందుకు చెప్పలేదంటున్నావు. ఏమని చెప్పను? "మిగతావన్నీ అబద్ధాలు గానీ ఇది మాత్రం నిజం" అనా? గుమ్మంలో నువ్వు ఆ మాట అనగానే నాకు అర్థమైపోయింది, నేను వాడగలిగిన మాట ఒక్కటే, దాన్ని అప్పటికే అరగదీసేశాను. బెంచీ మీద కూర్చుని నవ్వుతూ ఖర్చుపెట్టేశాను. నిజంగా కావాల్సి వచ్చినప్పుడు నోట్లో ఏమీ మిగల్లేదు.

ఆ మూడు గంటలూ ఏం చేశానో నాకే సరిగ్గా గుర్తులేదు. ఊరు దాటి దిగువన ఉన్న వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావచ్చు, గంటన్నర ప్రయాణం. బయలుదేరదామనుకున్నప్పుడల్లా పది నిమిషాలన్నారు. డబ్బా తెరిచి చూసుకునేవాణ్ణి. అంత బాగా ఎవరికీ చెయ్యలేదక్కా. కింది వరసలో ఒక పన్ను కొంచెం వంకరగా పెట్టాను, పిన్నికి తన పళ్ళప్పుడు ఉన్నట్టే.

సెప్టెంబరులో ఎందుకు ఒప్పుకున్నానంటే, నీ కిటికీ మాట చదివాక. అన్ని ఆదివారాలు ఆవిడ చూసిందని తెలిశాక ఇక ఆ ఒక్క గురువారం గెలిచి నేనేం చేసుకోను? అది కూడా దాంట్లోనే కలిసిపోనీ అనిపించింది.

కానీ అప్పట్నుంచీ ఒకటే పీకుతోంది నన్ను. అడక్కూడదనుకుంటూనే అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు ఫోన్ పెట్టేశాక, పిన్నికి ఏమని చెప్పావు? వంతెన లేచిందట అనే కదా. ఆవిడ అది కూడా అబద్ధమే అనుకుంటూ పోయిందా?

తెలిస్తే చెప్పు. తెలియకపోతే తెలియదనే చెప్పు, సర్దిచెప్పకు.

తమ్ముడు

*

తూర్పు ఒడ్డు, 17.
అక్టోబరు 10.

నాన్నా,

తెలుసు. సంవత్సరంగా తెలుసు, తెలిసిందని మాత్రం మొన్న గ్రీజు పుస్తకం చూశాకే తెలిసింది. ఇది నీకు ముందు ఉత్తరంలోనే రాయాల్సింది. చేతులు రాలేదు. ఇందులో తప్పు నాది.

ఫోన్ పెట్టేసి గదిలోకొచ్చి, పళ్ళు పటపట కొరుకుతూ "వాడు రాడు, వంతెన లేచిందట" అన్నాను. అప్పటికి ఆవిడ రెండు గంటలుగా మాట్లాడలేదు. తల కొంచెం కిటికీ వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. చెంగు అడ్డం పెట్టుకోకుండానే, పళ్ళు లేని నోటితోనే, స్పష్టంగా అంది. "ఈసారి నిజంగానే లేచిందే. పాపం వాడు అక్కడే నిలబడి ఉంటాడు."

నేను కిటికీకి వీపు పెట్టి నిలబడి ఉన్నానురా. తిరిగి చూస్తే సరిపోయేది. మళ్ళీ నిన్ను వెనకేసుకొస్తోందని ఒళ్ళు మండింది. సాయంత్రపుటెండ ఆవిడ కళ్ళలో పడుతోందని నాకు నేనే చెప్పుకుని, బయటికి చూడకుండానే పరదా లాగేశాను. "తియ్యవే, వాడు కనపడతాడేమో" అంది. తియ్యలేదు. అదే ఆవిడ ఆఖరి మాట.

సంవత్సరంగా నిన్ను తిడుతూ నేను దాచుకున్నది ఇది. ఈవేళ పొద్దున ఆ పరదా ఊడదీసి ఉతికి, మడిచి బీరువాలో పెట్టేశాను. ఇక అది ఆ కిటికీకి వెయ్యను.

రేపు ఆదివారం, అందుకే ఇదీ టీ ఆవిడ చేతికే ఇస్తున్నాను. నాకు సెలవు, మీటల దగ్గర వేరేవాళ్ళుంటారు. మధ్యాహ్నం భోజనానికి రా. ఆ డబ్బా కూడా తీసుకురా, నేను చూడాలి. గుమ్మంలో ఏమీ అనను, లోపలికి వచ్చాక అంటానేమో, పుట్టుకతో వచ్చిన నోరు. ఆలస్యమైతే ఫోన్ చేసి వంతెన లేచిందని చెప్పు. నేను వంటింట్లోనే ఉంటాను, కిటికీ దగ్గరికి వెళ్ళి చూడను.

అక్క